ముప్పావుగంటలో వచ్చేస్తుంది

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ శాంతం సార్ అంటారు. అసలు పేరుతో జీతాలిచ్చే సెక్షన్‌కి తప్ప ఎవరికీ పనిలేదు. దారిలో కారు ఆగిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే సాయానికి బండి పంపించే కంపెనీ అది. బండి పంపించడం ఒక ఎత్తు. అది వచ్చేదాకా అవతలి మనిషిని కేకలెయ్యకుండా కూర్చోబెట్టడం ఒక ఎత్తు. ఆ రెండో పనిలో శాంతం సార్‌ని మించినవాడు లేడు. నడివానలో, గోతిలో దిగబడిన కారులోంచి, ఒళ్ళు మండిపోతూ ఫోన్ చేసినవాడు కూడా ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాక, "పోన్లెండి, మీరు మాత్రం ఏం చేస్తారు" అని తిరిగి ఆయన్నే ఓదార్చి పెట్టేసేవాడు.

ఈ విద్య ఆయనకి ఊరికే అబ్బలేదు. ఏళ్ళ తరబడి చెవికి ఫోన్ తగిలించుకుని, జనం తిట్లు తిని సంపాదించుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే పాఠం చెప్పేవాడు. బండి ఎప్పుడొస్తుందని అడిగితే "ముప్పావుగంటలో వచ్చేస్తుంది" అనాలి. అరగంట అంటే గడియారం చూసుకుంటూ కూర్చుంటారు, గంట అంటే మండిపడతారు. ముప్పావుగంట అంటే మాత్రం ఏమనాలో తోచక "సరే" అంటారు. నిజంగా ఎప్పుడొస్తుందన్నది ఆ దేవుడికీ, ఆ బండి నడిపేవాడికీ తెలియాలి. రెండో పాఠం, "మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైందండి" అన్న మాట. ఇది అవతలివాళ్ళు ఇబ్బందేమిటో చెప్పకముందే అనేసినా తప్పులేదు.

ఇక అనకూడని మాటలు రెండున్నాయి. ఒకటి "తెలియదు". రెండోది "తప్పు మాదే". ఆ గదిలో ఇవి బూతులకన్నా ఘోరం. ఒక కొత్తమ్మాయి ఎవరో పెద్దావిడ గొంతు వణకడం విని, మనసాగక "తప్పు మాదేనమ్మా" అనేసింది. శాంతం సార్ ఆ అమ్మాయిని పక్క గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎంతో మెత్తగా నచ్చజెప్పి ఏడిపించాడు. ఆయన ఎవరినైనా కసరగా చూసినవాళ్ళు లేరు.

ఎవరికి ముందు బండి పంపాలో, ఎవరికి తర్వాత పంపాలో కూడా ఆయనే వరస కట్టాడు. చంటిపిల్లలున్నవాళ్ళు, ముసలివాళ్ళు, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు ముందు. అది న్యాయం. ఆ తర్వాత అరిచేవాళ్ళు. అది న్యాయం కాదుగానీ, చెవులు బతకాలి కదా. అందరికన్నా చివర, "పర్వాలేదండీ, ఉంటాం" అనేవాళ్ళు. వాళ్ళెలాగూ ఉంటారు. ఈ చివరి వరస కనిపెట్టినందుకు ఒక ఏడాది కంపెనీవాళ్ళు ఆయనకి చప్పట్లు కూడా కొట్టారు.

సెలవుల సీజన్ వస్తే ఆ ఆఫీసుకి ఊపిరాడదు. ఏడాదంతా సందు చివరిదాకా కూడా వెళ్ళని కార్లు ఒక్కసారిగా పెళ్ళాం పిల్లల్నీ, పెట్టెల్నీ ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద పడతాయి. పడ్డవి పడ్డట్టే ఆగుతాయి. కాబట్టి లోకమంతా సెలవులకి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే శాంతం సార్ మాత్రం ఆఫీసులో కూర్చుని వాళ్ళ ఆగిన కార్లకి ధైర్యం చెబుతుండేవాడు. ఇంట్లో భార్యకి "వచ్చే సెలవులకి తప్పకుండా" అని చెప్పేవాడు. మాట అదే, గొంతూ అదే. ఇంట్లో గొంతు మార్చడం ఆయనకి చేతకాలేదు. కుళాయి కారుతోందని ఆవిడ చెబితే "నోట్ చేసుకున్నాను" అనేవాడు. కూతురు చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ఆఫీసుకి ఫోన్ చేసి ఏడిస్తే, ముందుగా "ఇప్పుడు నువ్వు సురక్షితమైన చోట ఉన్నావా?" అని అడిగాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పి నవ్విస్తుంది. వాళ్ళమ్మ నవ్వదు.

ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనం చేత గోడమీది చిన్న చిన్న అక్షరాలు చదివించడం ఆవిడ పని. నోరు పెద్దది కాదు. ఆవిడ కోరికా పెద్దది కాదు. చిన్నప్పుడెప్పుడో వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని సముద్రం చూసింది. మళ్ళీ ఒకసారి, ఈసారి తన కాళ్ళ మీద నిలబడి చూడాలని ఉంది. వాళ్ళక్కా, బావగారూ ఏటా వెళ్తారు. వెళ్ళి ఊరుకోరు, ఫోటోలు పంపిస్తారు. కెరటాల ముందు నిలబడి బావగారు పొట్ట లోపలికి పీల్చుకున్న ఫోటోలు ఆవిడ ఫోన్ నిండా ఉన్నాయి.

కిందటి సెలవులు కూడా అలాగే గడిచిపోయాక, ఒకరోజు ఆరిన బట్టలు మడతలు పెడుతూ ఆవిడ మామూలుగా అంది. "వచ్చేసారి కూడా కుదరకపోతే చెప్పండి. నేనింక అడగను."

శాంతం సార్‌కి గుండె జారిపోయింది. అన్ని రకాల గొంతులూ విన్న మనిషి ఆయన. అరిచి గోల చేసినవాళ్ళెవరూ కంపెనీని వదిలిపెట్టి పోరని ఆయనకి తెలుసు, మళ్ళీ ఏడాది అరవడానికి డబ్బు కట్టి మరీ వస్తారు. ఇంత నెమ్మదిగా, బట్టలు మడతపెడుతూ మాట్లాడేవాళ్ళే మర్నాడు చప్పుడు చెయ్యకుండా సభ్యత్వం రద్దు చేసుకుని వెళ్ళిపోతారు.

అందుకని ఈసారి తలకిందులుగా తపస్సు చేసి సెలవు సంపాదించాడు. సముద్రం ఒడ్డున గది మాట్లాడాడు. సీజన్ కాబట్టి చీకటిపడే లోపల రాకపోతే గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని హోటలువాళ్ళు ముందే చెప్పేశారు. కూతురు స్నేహితులతో వేరే ఊరు వెళ్తానంది, కాబట్టి ఇద్దరే. ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆఫీసు ఫోన్ ఆపేసి కారు డ్యాష్‌బోర్డు అరలో పడెయ్యాలి, ఇంటికి తిరిగొచ్చేదాకా తియ్యకూడదు. ఆయన సరేనని ఆవిడ కళ్ళముందే అరలో పెట్టాడు.

కారు బావగారిదే. ఆయన కొత్తది కొనుక్కుంటూ, "బంగారం లాంటి బండి, తోడల్లుడివి కాబట్టి ఇస్తున్నా" అని పాతది అంటగట్టాడు. కాగితాలన్నీ మరదలి పేరు మీద రాయించాడు, ఆ పాటి ప్రేమ ఉంది. కొన్ని వారాలుగా కారు కింద నేలమీద పచ్చటి నీటి మరక ఒకటి కనబడుతోంది. చిన్న అక్షరాలు చూసే కళ్ళు కదా, ముందు ఆవిడే చూసింది. చెప్పింది. "నోట్ చేసుకున్నాను" అన్నాడు శాంతం సార్. మరక కాస్తా చాపంత అయింది. మళ్ళీ చెప్పింది. ఆఫీసులో కూర్చుని, ఎక్కడో వంద మైళ్ళ అవతల కారు చేసే చప్పుడు ఫోన్‌లో విని జబ్బు చెప్పగల మనిషి తన వాకిట్లో వంగి చూడలేకపోయాడు. ఇలాంటి పొరపాటు ఆ ఆఫీసులోవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

పొద్దున్నే బయల్దేరారు. మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. ఆవిడ కిటికీ అద్దం దించి పాటలు కూడా పాడుకుంది. ఆ తర్వాత వేడిని చూపించే ముల్లు మెల్లిగా లేచి ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. ఆయన పక్కకి తీసి ఆపి, చల్లారేదాకా ఆగి, తెరిచి చూశాడు. రేడియేటర్‌కి నీళ్ళు తెచ్చే రబ్బరు గొట్టం నిలువునా చీలి ఉంది. సీసాడు నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే రోడ్డు మీదకి వచ్చేశాయి. కింద ఏర్పడ్డ పచ్చటి మడుగు వైపు ఆవిడ ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

ఆగింది ఒక బస్ షెల్టర్ పక్కన. సిమెంటు బల్ల, దాని మీద కాస్త నీడ, పక్కన సెలవులకి మూసేసిన చిన్న దుకాణం. సాయానికి ఫోన్ చెయ్యాలి. ఎవరికి చెయ్యాలో వేరే చెప్పాలా? కానీ శాంతం సార్‌కి మొహం చెల్లలేదు. తన కారే చూసుకోలేనివాడు ఇన్నాళ్ళూ ఊరందరికీ పాఠాలు చెప్పాడా అని ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు. పైగా మనవాళ్ళని ముందుకు తోసే అలవాటు ఆయనకి లేదు. కారు ఎలాగూ ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడ ఫోన్‌లోంచి ఆవిణ్ణే మాట్లాడమని, తను పక్కన కూర్చుని చెవి పెట్టాడు.

ఎత్తింది ఆ కొత్తమ్మాయే. సురక్షితమైన చోట ఉన్నారా అని అడిగింది. ఉన్నామంది ఆవిడ. చంటిపిల్లలున్నారా? లేరు. పెద్దవాళ్ళు? లేరు. ఎవరికైనా ఒంట్లో బాగోలేదా? బాగానే ఉన్నాం. తాగడానికి నీళ్ళున్నాయా? ఇంకా రెండు సీసాలున్నాయి, మా ఆయన ముందుచూపుతో సర్దారని ఆవిడ కాస్త గర్వంగానే చెప్పింది. అడిగినవాటికి నిజం చెప్పడం ఆవిడకి అలవాటు. ఒక్కొక్క జవాబుకీ తమ బండి వరసలో ఒక్కొక్క మెట్టు కిందకి దిగిపోతుండటం శాంతం సార్‌కి కళ్ళకి కట్టినట్టు కనబడింది. చివరికి ఆ అమ్మాయి తేనె పూసిన గొంతుతో, మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైందండి, ముప్పావుగంటలో వచ్చేస్తుంది అంది. విన్నారా, ముప్పావుగంటేనట అని ఆవిడ సంతోషించింది.

సముద్రం ఊరికి వెళ్ళే బస్సొకటి వచ్చి, షెల్టర్ ముందు ఆగి, వెళ్ళిపోయింది. ఆవిడ దాని బోర్డు చదివింది. ఎక్కుదామా అని అడిగింది. బండిని వదిలి యజమాని ఎక్కడికీ పోకూడదు, అది మా కంపెనీ నియమం అన్నాడు ఆయన. పోతే ఏమవుతుందని అడిగింది. పోకూడదు అన్నాడు. మళ్ళీ వెళ్ళి కారులో కూర్చున్నారు.

ముప్పావుగంట ఎప్పుడో దాటిపోయింది. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ ముప్పావుగంట అన్నారు. ఇంకో బస్సు వచ్చింది, పోయింది. మూడోసారి ఫోన్ చేసి "పర్వాలేదమ్మా, ఉంటాం" అని ఆవిడ పెట్టేస్తుంటే శాంతం సార్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అలా అనకు" అన్నాడు.

ఎందుకనకూడదని అడిగింది. ఆయన తప్పక, వరస సంగతంతా చెప్పేశాడు. పిల్లలున్నవాళ్ళు, ముసలివాళ్ళు, ఒంటరివాళ్ళు, అరిచేవాళ్ళు, అందరూ అయ్యాక ఓపికగా ఉన్నవాళ్ళు. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఇది పెట్టిందెవరు?"

"ఎవరో ఒకళ్ళు పెట్టాలి కదా."

ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. రోడ్డు మీద కార్లు పోతున్నాయి, వాటిలో పిల్లలు అద్దాలకి ముక్కులు ఆనించి వీళ్ళని చూస్తూ పోతున్నారు. గట్టిగా అరిస్తే ఏమవుతుందని అడిగింది. మరీ అరిస్తే పైన సీనియర్‌కి కలుపుతారని చెప్పాడు. ఇవాళ సీనియర్ ఎవరని అడిగింది. ఎవరో ఒకరుంటారులే అన్నాడు.

ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. అరవలేదు. అరవడం రాదు కూడా. "అమ్మాయ్, నీ తప్పేం లేదు. మీ సీనియర్‌ని ఇవ్వమ్మా" అంది. కలుపుతున్నాను, దయచేసి వేచి ఉండండి అంది అవతల. ఆవిడ వేచి ఉంది. కారు డ్యాష్‌బోర్డు అర గుర్రుమని కదిలింది.

అర మూత వణుకుతోంది. ఆవిడ దాని వైపు చూసింది. ఆయన ఎటూ చూడలేక స్టీరింగ్ వైపు చూశాడు. ఫోన్ ఆపలేదు, చప్పుడు మాత్రమే తగ్గించాడు. సీనియర్‌కి వచ్చే కాల్స్ వేరేవాళ్ళకి మళ్ళించి వెళ్ళమని ఆఫీసువాళ్ళంటే, వాళ్ళవల్ల ఏమవుతుందని మళ్ళించకుండా వచ్చేశాడు. ఈ నాలుగు రోజులూ ఆవిడ సముద్రం చూస్తున్నప్పుడు అటు తిరిగి, చేత్తో నోరు మూసుకుని మాట్లాడుకోవచ్చనుకున్నాడు. దొంగతనం బయటపడ్డాక తల కొట్టేసినట్టయింది.

"తీయండి" అంది ఆవిడ. "ఎవరో ఇబ్బందిలో ఉన్నట్టున్నారు."

తీశాడు. ఇద్దరూ పక్కపక్క సీట్లలో, ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. ఎదుట అద్దంలోంచి రోడ్డు.

"నమస్కారం మేడమ్" అని దానంతట అదే వచ్చేసింది ఆయన నోట. "మీ ఇబ్బంది నాకు పూర్తిగా..."

"అర్థమైందా?" అంది ఆవిడ. ఆ మాట ముందు పక్కనుంచి వినబడి, ఒక క్షణం తర్వాత ఫోన్‌లోంచి మళ్ళీ వినబడింది.

ఆయన ఫోన్ చెవి నుంచి దించబోయి మళ్ళీ ఆనించుకున్నాడు.

"చాలా కాలం నుంచి ఆగి ఉన్నానండి" అంది. గొంతు పెంచలేదు, తల తిప్పలేదు. "సురక్షితమైన చోటే ఉన్నాను. నీళ్ళున్నాయి. ఏడవలేదు, అరవలేదు. వచ్చేస్తారులే అనుకుని కూర్చున్నాను. అందుకేగా నన్ను చివర పెట్టారు?"

జనానికి చెప్పడానికి ఆయన ఇన్నేళ్ళు పోగేసుకున్న మాటల్లో ఇప్పుడు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

"మీ పద్ధతి నాకు తెలియదు. ఓపిక పడితే ముందుకొస్తాననుకున్నాను. అరవాలని ముందే చెబితే అరిచేదాన్ని కదా. చెప్పండి, ఇంకా ఎంతసేపు?"

ముప్పావుగంట అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. శాంతం సార్ దాన్ని మింగేశాడు.

"తెలియదు" అన్నాడు. తర్వాత, ఎక్కడో నేర్చుకుని మర్చిపోయిన భాష మాట్లాడుతున్నవాడిలా తడబడుతూ, "తప్పు నాదే" అన్నాడు. "కారుదీ నాదే. మిగతాదంతా కూడా నాదే."

అలా అన్నాక ఆయనకి ఏడుపొచ్చింది. అంత పెద్దమనిషి, ఎంతమందికో కన్నీళ్ళు తుడుచుకోమని చెప్పినవాడు, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. తన ఫోన్ మాత్రం పెట్టేసింది. పాపం, ఆవిడకీ కళ్ళు తడిశాయి. అటు తిరిగి తుడుచుకుంది.

చాలా దూరంలో చుక్కలా మూడో బస్సు కనిపించింది. ఎండ వాలిపోతోంది. శాంతం సార్ తల ఎత్తి దాన్ని చూశాడు. వెంటనే ఆఫీసుకి ఫోన్ చేసి, నేనే మాట్లాడేది, ఆ షెల్టర్ పక్కన ఆగిన కారు మాదే అని కొత్తమ్మాయికి చెప్పాడు. ఆ పిల్ల కంగారుపడిపోయి ఇప్పుడే ముందుకి జరుపుతానంది. వద్దన్నాడు. ఆ కారులో ఎవరూ ఉండరు, అందరివీ అయ్యాక రేపైనా, ఎల్లుండైనా లాక్కెళ్ళొచ్చు, సెలవులయ్యాక తాళం తీసుకుని నేనే వస్తానన్నాడు. సీనియర్‌కి వచ్చే కాల్స్ నువ్వే తీసుకో అన్నాడు. ఏం చెప్పాలి సార్ అని అడిగింది భయంగా.

"నీకేది అనాలనిపిస్తే అది అను. తప్పు మాదే అనాలనిపిస్తే అదే అను."

సార్ ఒంట్లో బాగానే ఉందా అని ఆ అమ్మాయి అడిగింది.

ఆయన ఫోన్‌ని తిరిగి అరలో పెట్టాడు. సంచులు దింపాడు. అద్దాలెత్తి, తాళం వేశాడు. ఫోన్ లోపలే ఉండిపోయింది, మర్చిపోయారంది ఆవిడ. మర్చిపోలేదన్నాడు. మరి బండిని వదిలి పోకూడదుగా, కంపెనీ నియమం కదా అంది. "అది ఓపికగా ఉంటుంది" అని ఆయన రోడ్డు మధ్యకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి గొంతు చించుకుని అరిచి బస్సు ఆపాడు. గొంతు అలవాటు లేక మధ్యలో కీచుమంది. బస్సు ఎలాగూ అక్కడ ఆగేదే, ఆ కేకకి డ్రైవరు బిత్తరపోయి చూశాడు.

బస్సు కిక్కిరిసిపోయి ఉంది. ఎవరో పెద్దావిడ కాస్త జరిగితే ఆవిడకి కూర్చోవడానికి చోటు దొరికింది. శాంతం సార్ పై కమ్మీ పట్టుకుని, రెండు సంచులు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. వెనక కారు చిన్నదైపోయి మలుపులో కనబడకుండా పోయింది. లోపల అరలో ఫోన్ మళ్ళీ గుర్రుమని ఉండొచ్చు. చీకటిపడే లోపల చేరతామో లేదో, గది ఉంటుందో లేదో ఆయనకి తెలియదు. తెలియదని ఆవిడకి చెప్పాడు కూడా. లేకపోతే ఇసుకలో కూర్చుందాం అంది ఆవిడ.

అప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. కాల్ అయిన ప్రతివాళ్ళకీ కంపెనీ నుంచి వచ్చేదే. అందులో ఉండేది శాంతం సార్ గొంతే. ఆయనే రికార్డు చేసిచ్చాడు. మా సీనియర్ అధికారి మీతో మాట్లాడిన తీరు మీకు తృప్తినిచ్చిందా, ఇస్తే ఒకటి నొక్కండి, ఇవ్వకపోతే రెండు నొక్కండి అని ఎంతో మర్యాదగా అడుగుతోంది ఆ గొంతు. ఆవిడ మొత్తం వింది. బొటనవేలు అంకెల మీద పెట్టి కాసేపు ఆగింది. పైనుంచి ఆయన మెడ సాగదీసి చూస్తున్నాడు.

"సముద్రం చూశాక చెప్తాను" అని ఏదీ నొక్కకుండా ఆవిడ ఫోన్ సంచిలో పడేసింది.

ఏ అంకె నొక్కనివాళ్ళందరినీ తృప్తిపడినవాళ్ళ కింద రాసుకోమని ఆఫీసులో రూలు పెట్టింది కూడా ఆయనే. కమ్మీ పట్టుకుని ఊగుతూ, ఇన్నేళ్ళూ అలా రాసుకున్నవాళ్ళలో ఆవిడలాంటివాళ్ళు ఎందరున్నారోనని శాంతం సార్‌కి మొదటిసారి భయం వేసింది.